బంటుకి ఒక్కటే అడుగు

పోయిన జనవరిలో హైదరాబాదు శివార్లలో, ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన చెస్ టోర్నమెంటులో ఐదో రౌండు నాకు 61వ బోర్డు మీద పడింది. టోర్నమెంట్లకి వెళ్ళనివాళ్ళకి ఆ అంకె ఏమీ చెప్పకపోవచ్చు. మొదటి పది బోర్డుల చుట్టూ తాడు కట్టి ఉంటుంది, వాళ్ళ ఎత్తులు గోడమీద తెరపై కనిపిస్తుంటాయి. ఇరవై దాటాక కుర్చీలకి తొడిగిన గుడ్డలు మాయమవుతాయి. అరవై దాకా వచ్చేసరికి పెళ్ళిభోజనాల బల్లల మీద, వంటశాల తలుపు పక్కన, తాలింపు వాసనలో ఆడుతుంటాం. నా రేటింగు పదిహేను వందల చిల్లర. తెలుగువాళ్ళలో హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ లాంటివాళ్ళున్నారన్న గర్వం మా బోర్డు దాకా వస్తుంది గానీ వాళ్ళ ఆట రాదు.

ఎదురుగా డెబ్బై దాటిన పెద్దాయన. రిటైరైన లెక్కల మేష్టారట. రేటింగులో నాకంటే ఓ ఇరవై పాయింట్లు పైన. చేయి కలిపి, తెల్లపావులు సర్దుకుని, గుర్రం ముందున్న బంటుని జి3కి ఒక్క గడి జరిపి గడియారం నొక్కారు. రెండో ఎత్తు రాసుకుంటుంటే ఆయన స్కోర్‌షీటు కనబడింది: ‘శ జి2’. తెలుగు శ. శకటు అన్నమాట. ఇంగ్లీషువాళ్ళ బిషప్.

పదో ఎత్తు దగ్గర ఆర్బిటర్ కుర్రాడు అటు నడుస్తూ ఆగిపోయాడు. “అంకుల్, ఇంగ్లీషులో రాయాలండీ.” పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం తీసి అతని చేతిలో పెట్టారు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య, అంటే ఫిడే, నియమాల అనుబంధం అది. పావు పేరు మొదటి అక్షరానికి, ఆటగాడు తన దేశంలో వాడుకలో ఉన్న పేరునే తీసుకోవచ్చని అందులో రాసుంది. గడుల పేర్లు మాత్రం అందరికీ ఒకటే. కుర్రాడు చదివి, మళ్ళీ చదివి, కాగితం తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ జిరాక్సు మడతలు చిరిగే దశలో ఉన్నాయి. ఎన్ని టోర్నమెంట్లలో ఎంతమందికి చూపించారో!

రా, మం, ఏ, శ, గు. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం. బంటుకి అక్షరం ఉండదు. అది ఏ భాషలో రాసినా అంతే, గడి పేరొక్కటే రాస్తే బంటు కదిలిందని అర్థం.

ఈ రాసే పద్ధతికీ ఒక కథ ఉంది. గడికి ఒక అక్షరం, ఒక అంకె ఇచ్చి ఎత్తుని రాయడమన్నది అలెప్పో నుంచి యూరప్ వెళ్ళిన ఫిలిప్ స్టామా 1737లో పారిస్‌లో అచ్చువేసిన పుస్తకంలో కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు మాత్రం రెండు వందల ఏళ్ళకు పైగా దాన్ని పట్టించుకోకుండా, ‘రాజు బంటు రాజు వరసలో నాలుగో గడికి’ తరహాలోనే రాసుకున్నారు. మన దగ్గర పాత తరం నేర్చుకున్నదీ అదే. 1981 నుంచి ఫిడే ఆ పద్ధతిని గుర్తించడం మానేసింది. అంటే సిరియా నుంచి వచ్చిన పద్ధతిలో, తెలుగు అక్షరాలతో, మేష్టారు నా మీద ఆడుతున్న ఆటని రాసుకుంటున్నారు. నేను మాత్రం ఇంగ్లీషులోనే రాస్తున్నాను. అలవాటు.

ఎనిమిదో ఎత్తు అయ్యాక బోర్డు చూసి నాకొక వింత తట్టింది. ఆయన బంట్లు జి3, డి3, ఇ3, బి3. ఒక్కటి కూడా రెండు గడులు గెంతలేదు. నావి ఇ5, డి5, సి5 – మధ్యలో బలిసి కూర్చున్నాయి. కోచింగులో చెప్పే పాఠం ప్రకారం నేను గెలుస్తున్నట్టే. పదకొండో ఎత్తులో ఆయన హెచ్3 కూడా ఆడారు, మళ్ళీ ఒక్క అడుగే.

23వ ఎత్తులో నా శకటుని హెచ్3 మీద బలిచ్చాను. అక్కడున్న బంటుని కొట్టి, రాజుకి చావో రేవో తేల్చుకోమని. పదేళ్ళుగా ఆడుతున్నాను, అంత మంచి ఎత్తు నాకు ఇంకోటి గుర్తులేదు. లెక్కపెట్టి చేసింది కాదు, సగం ధైర్యం, సగం తాలింపు వాసన. ఆయన రాజుతో కొట్టారు. ఆయన రాజు ఒంటరిగా బజార్న పడ్డాడు. 31వ ఎత్తులో మంత్రిని ఊరికే ఒక గడి పక్కకి జరిపి ఉంటే ఆటకట్టు. నేను జరపలేదు. ఏనుగు దొరుకుతోంది కదా అని ఏనుగుని కొట్టాను. ఆయన గుర్రం వచ్చి ఒకేసారి రాజు మీదా మంత్రి మీదా నిలబడింది. 38వ ఎత్తుకి చేయి చాపి ఓటమి ఒప్పుకున్నాను.

ఇద్దరం కాగితాల మీద సంతకాలు పెట్టాం. పై ప్రతి నిర్వాహకులకి ఇవ్వాలి. స్కోర్‌షీట్లు నిర్వాహకుల ఆస్తి అని నియమాల్లోనే ఉంది. కింది ప్రతి మనం ఉంచుకోవచ్చు. హాలు బయటికి వచ్చి నా ప్రతిని నాలుగు ముక్కలు చేసి డస్ట్‌బిన్‌లో వేశాను.

టీ బండి దగ్గర మేష్టారు కనబడ్డారు. నేను అడగకుండానే చెప్పారు: “మా తాతయ్య నేర్పిన ఆటలో బంటుకి ఒక్కటే అడుగమ్మా. రెండడుగులు వెయ్యడం కాలేజీలో చేరాక చూశాను. ఇప్పటికీ చెయ్యి రాదు.”

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది.

మేష్టారి తాతగారి ఆట ఒక్క కోనసీమ ఊరి ఆట కాదు. హెచ్. జె. ఆర్. మర్రే 1913లో రాసిన తొమ్మిది వందల పేజీల చదరంగ చరిత్రలో మన దేశపు ఆట పద్ధతులకి చోటుంది. ప్రాంతానికో తేడా ఉన్నా, మూలం దాదాపు ఒకటే. బంటు ఎప్పుడూ ఒక గడే కదులుతుంది. రాజు ఏనుగుతో కలిసి కోట కట్టుకోవడం ఉండదు, దానికి బదులు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు. అవతలి చివర చేరిన బంటు నేరుగా మంత్రి అయిపోదు. ఏ పావు వరసలో నడిచిందో ఆ పావే అవుతుంది. గుర్రం వరసలో నడిచిన బంటు గుర్రమే. ఎక్కడ పుట్టావో అక్కడి పదవే వస్తుందన్నమాట. దీన్ని ఇంకా లాగి కులం మీద వ్యాసం రాయాలని చెయ్యి దురద పెడుతుంది గానీ, నిజానికి ఆటలు అలా తయారవవు.

ఈ నియమం ఆట నడకనే మార్చేస్తుంది. బంటు రెండు గడులు దూకగలిగితే తొలి ఎత్తులోనే బోర్డు మధ్యకి చేరి అవతలివాడితో తగువు పెట్టుకోవచ్చు. ఒక్క అడుగే అయితే ఆ తొందర పనికిరాదు. ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి. శకటుకి దారి కావాలి, దానికి సులువైన దారి గుర్రం ముందున్న బంటుని ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటుని కూర్చోబెట్టడం. అక్కడినుంచి అది ఈ మూల నుంచి ఆ మూలకి బోర్డంతా చూస్తుంది. మధ్యలో మన బంటు లేకపోయినా మన చూపు ఉంటుంది.

యూరప్‌లో అప్పటి పాఠం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మధ్యగడులు బంట్లతో ఆక్రమించు, ఆక్రమించినవాడిదే రాజ్యం. కలకత్తాలో ఈ రెండు పద్ధతులూ ఒకే బల్ల మీద కలుసుకున్నాయి.

జాన్ కాక్రేన్ 1798లో పుట్టిన స్కాట్లండు మనిషి, బారిస్టరు. 1822లోనే చెస్ మీద పుస్తకం రాశాడు. 1824లో లండన్‌కీ ఎడిన్‌బరోకీ ఉత్తరాల మీద మొదలైన పోటీలో లండన్ జట్టులో ఉండి, ఆట మధ్యలో వదిలేసి ఇండియా ఓడెక్కాడు. ఆ తర్వాత జీవితంలో ఎక్కువభాగం కలకత్తా కోర్టుల్లోనే. మధ్యలో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు స్టాంటన్‌తో వందల ఆటలు ఆడాడు. అలాంటివాడికి కలకత్తాలో సరైన జోడీ లేదు.

1850లో ‘చెస్ ప్లేయర్స్ క్రానికల్’ అనే లండన్ పత్రికలో కలకత్తా క్లబ్బు సభ్యుడొకరి ఉత్తరం అచ్చయింది. దాని సారాంశం ఇది. ఇక్కడ కాక్రేన్‌కి కాస్త నిలబడగలిగినవాడు ఒక్కడే, మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బ్రాహ్మణుడు. రెండేళ్ళ కిందటి దాకా అతనున్నాడనే మాకు తెలియదు. మొఫసిల్లో ఎన్నడూ ఓడని ఆటగాడొకడున్నాడని విని మాలో ఒకాయన వెళ్ళి పట్టుకొచ్చాడు.

కొత్తరకం మొక్కని కనిపెట్టినట్టే ఉంది ఆ వర్ణన. అతను ఆ ఊళ్ళో ఎన్నడూ ఓడకుండా ఆడినన్నాళ్ళూ ఎవరి మీద ఆడాడు? ఆ ఊళ్ళో ఆడినవాళ్ళకి కాగితం అవసరం రాలేదు. మనకి మిగిలిన మహేశ్‌చంద్ర అంతా 1848 తర్వాతి మనిషే, అంటే రెండడుగుల బంటు నేర్చుకున్న తర్వాతి మనిషి. ఇంగ్లీషులో అతని పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మోహెశ్చుందర్ అంటారొకచోట, మోహిశుందర్ అంటారింకోచోట. బందోపాధ్యాయ బెనర్జీ కావడం సరే, అది బెంగాల్లో అందరికీ జరిగిందే.

కొత్త నియమాలకి అలవాటు పడే రోజుల్లో, 1848లో, కాక్రేన్ అతని మీద నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఎఫ్7 మీద బలిచ్చాడు. రాజు పక్క బంటుని తినేసి గుర్రం చచ్చిపోతుంది, రాజు బయటికొస్తాడు. ఈ ఆరంభాన్ని నేటికీ ‘కాక్రేన్ గాంబిట్’ అంటారు. దానికి అవతల కూర్చున్న మనిషి పేరు ఆ పేరులో లేదు. గాంబిట్లకి వేసినవాడి పేరే పెడతారు, తిన్నవాడిది పెట్టరు. నిజమే. కానీ తర్వాత ఏడేళ్ళకి అతను వేసింది చూడండి.

1855 మే, కలకత్తా. కాక్రేన్ తెల్లపావులు, మహేశ్‌చంద్ర నల్లపావులు. తెలుపు డి4, నలుపు గుర్రం ఎఫ్6. తెలుపు సి4, నలుపు జి6. ఒక్క అడుగు! తెలుపు గుర్రం సి3, నలుపు డి5. తర్వాత శకటు జి7కి, రాజు కోటలోకి. మధ్యలో తన బంటుని నిలబెట్టుకోవాలన్న తాపత్రయం లేదు. దాన్ని మార్చుకోనిచ్చి, తెలుపు కట్టుకున్న మధ్యబంట్ల గుంపు మీద జి7 శకటుతోనూ సి5 బంటుతోనూ దూరం నుంచి దాడి చేశాడు. తాతల ఆటలోంచి వచ్చిన జి6ని ఇంగ్లీషువాళ్ళ ఆటలోంచి నేర్చుకున్న రెండడుగుల డి5తో కలిపి కుట్టాడు. ఇవాళ పుస్తకం తెరిస్తే ఈ ఆరంభం పేరు ‘గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్’. వియన్నా మాస్టరు ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్ దీన్ని పెద్ద పోటీల్లో ఆడింది 1922లో. 67 ఏళ్ళ తేడా.

నేను ఈ ఆటని బోర్డు మీద పెట్టుకుని చాలాసార్లు ఆడిచూశాను. పదమూడో ఎత్తు దాకా నల్లపావుల్లో ఒక్క తప్పు కూడా నాకు కనబడదు. ఆ తర్వాత మంత్రి ఎ5కి వచ్చి, బి6కి పోయి, మళ్ళీ డి8కి ఇల్లు చేరింది. అంటే తెల్ల ఏనుగు దాన్ని తరుముతోంది. అంతకంటే ముఖ్యం, పద్నాలుగో ఎత్తులో నల్ల ఏనుగు ఎఫ్8 నుంచి ఇ8కి జరిగింది. పైకి చక్కటి ఎత్తే, ఏనుగులు మధ్య వరసల్లోకి రావాలి కదా. కానీ ఎఫ్7 బంటుకి కాపలా పోయింది. ఏడేళ్ళ కిందట ఏ గడి మీద గుర్రం పడిందో అదే గడి.

పదిహేడో ఎత్తులో కాక్రేన్ గుర్రం జి5కి వచ్చింది. మహేశ్‌చంద్ర దాన్ని పట్టించుకోకుండా ఇ2లో శకటుని కొట్టాడు, ఒక పావు లాభం. పద్దెనిమిదిలో గుర్రం ఎఫ్7ని కొట్టింది. మహేశ్‌చంద్ర గుర్రం ఎ5కి వెళ్ళి తెల్ల మంత్రి మీద నిలబడింది. పావు లాభం ఉండగానే ఇంకో దెబ్బ. అప్పుడు కాక్రేన్ గుర్రం హెచ్6కి గెంతింది. గుర్రం చెక్, అది పక్కకి తప్పుకోగానే వెనకనున్న మంత్రిది కూడా చెక్. రాజు మూలకి. మంత్రి జి8 మీద పడి చచ్చిపోయింది, ఏనుగు దాన్ని తినక తప్పదు. గుర్రం మళ్ళీ ఎఫ్7. రాజు చుట్టూ అన్నీ సొంత పావులే, కదలడానికి గడి లేదు. ఆటకట్టు.

నేను 31వ ఎత్తులో ఏనుగుని కొట్టినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. పద్దెనిమిదో ఎత్తులో ఆయన మొహం కూడా తెలుసనిపిస్తుంది.

ఇంతకీ, చెస్ చరిత్రలో గ్రూన్‌ఫెల్డ్‌కి మొట్టమొదటి ఉదాహరణగా చూపించే ఆట ఇది. ఓడిపోయిన ఆట. తెల్లవాడి గుర్రం చివర్లో అంత అందంగా ఆడకపోతే ఈ ఆటని ఎవరైనా ఇంత ముచ్చటగా గుర్తుంచుకునేవారా అని నాకు అనుమానం. ఇద్దరూ ఆడినవి వందల్లో ఉన్నాయి. ఎక్కువ కాక్రేన్ గెలిచాడు, కొన్ని మహేశ్‌చంద్ర గెలిచాడు. అచ్చయింది లండన్‌లో, చదివింది లండన్‌లో. ఎవరి ఆట ఎలా ఉందన్న తీర్పు ఇచ్చిందీ అక్కడే.

పేరు ఒకటి మాత్రం మిగిలింది. 1884 నాటికే ‘ఇండియన్ డిఫెన్స్’ అన్న మాట అచ్చులో కనిపిస్తుంది, ఈ కలకత్తా ఆటల వల్లే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత యూరప్ కుర్రమాస్టర్లు మధ్యగడులని ఆక్రమించక్కర్లేదు, దూరం నుంచి అదుపు చేస్తే చాలని కొత్త సిద్ధాంతం చేశారు. దానికి హైపర్‌మోడర్న్ అని పేరు పెట్టుకున్నారు. దాంతోపాటు కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్, బోగో ఇండియన్ అని పెద్ద కుటుంబమే పెరిగింది. నిమ్జోవిచ్ రీగాలో పుట్టినవాడు, బోగోల్యూబోవ్ ఉక్రెయిన్‌లో. దేశం పేరు నిలబడింది, మనిషి పేరు పోయింది. ఒకరకంగా గౌరవమే. ఊరగాయకి ‘ఆంధ్రా పికిల్’ అని లేబుల్ వేస్తే మా అమ్మమ్మకి దక్కే గౌరవం లాంటిది.

సత్యజిత్ రాయ్ ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’ చూసినవాళ్ళకి అందులో మున్షీ వచ్చి కంపెనీవాళ్ళ ఆట ఎలా ఉంటుందో చెప్పే ఘట్టం గుర్తుండే ఉంటుంది. బంటు మొదట రెండడుగులు వేస్తుందట, మంత్రి బదులు రాణి ఉంటుందట. చివర్లో, అవధ్ కంపెనీ చేతికి పోయాక, నవాబులిద్దరూ ఆ పద్ధతిలోనే కొత్త ఆట మొదలుపెడతారు. మంత్రి లేచి మలికా విక్టోరియాకి చోటిస్తాడు. ఆ కథాకాలం 1856 ఫిబ్రవరి. కలకత్తాలో మహేశ్‌చంద్ర ఆ గ్రూన్‌ఫెల్డ్ ఆడి అప్పటికి తొమ్మిది నెలలు. సినిమాలో నియమాల మార్పు ఓటమికి గుర్తు. నాకు ఇక్కడ రాయ్‌తో చిన్న పేచీ ఉంది. నియమాలు మారినా ఆటగాడి చెయ్యి అంత తొందరగా మారదు. మహేశ్‌చంద్ర చెయ్యి మారలేదు, మేష్టారి చెయ్యీ మారలేదు. పంజాబు నుంచి వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ మన పద్ధతిలోనే ఆట నేర్చి, పెద్దయ్యాక యూరప్ నియమాలు పట్టి, 1929, 32, 33లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. కపబ్లాంకాని ఓడించాడు. ఫిడే అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో, పోయిన 58 ఏళ్ళకి.

ఇదంతా కలకత్తా గొడవ, మనకేంటి అనుకుంటున్నవాళ్ళకి ఒక పుస్తకం పేరు చెబుతాను. 1829లో మద్రాసులో అచ్చయింది. ముజియో గాంబిట్ మీద విశ్లేషణ, దానితోపాటు మద్రాసుకీ హైదరాబాదుకీ మధ్య జరిగిన రెండు ఆటలు. రాసినవాళ్ళు మద్రాసు ఘులాం కాసిం, సివిల్ సర్వీసులోని జేమ్స్ కాక్రేన్. (ఈయన వేరే కాక్రేన్. నేనూ మొదట పొరబడ్డాను.) హైదరాబాదు అంటే మన హైదరాబాదే. 1828, 29లలో రెండు ఊళ్ళమధ్య ఉత్తరాల మీద ఆట నడిచింది. రైలు లేదు, తంతి లేదు. టపా మోసేవాళ్ళ కాళ్ళ మీదే ఒక్కో ఎత్తూ కృష్ణ దాటి వెళ్ళి, జవాబు మోసుకుని మళ్ళీ కృష్ణ దాటి వచ్చిందన్నమాట. నేను మెట్రోలో ఫోను మీద మూడు నిమిషాల ఆట ఆడి ఓడిపోయే దూరంలోనే ఎవరో కూర్చుని, మద్రాసు నుంచి శకటు ఎక్కడికి వస్తుందా అని రోజుల తరబడి ఎదురు చూశారు.

పుస్తకం పేరులో మద్రాసు ఉంది, హైదరాబాదు ఉంది. ఘులాం కాసిం పేరు ఆరంభాల జాబితాలో కూడా నిలిచింది. కొట్టబోతున్న గుర్రాన్ని గాలికి వదిలేసి ఐదో ఎత్తుగా డి4 ఆడే పద్ధతిని నేటికీ ‘ఘులాం కాసిం గాంబిట్’ అంటారు. పుస్తకం రాసుకున్న పక్షానికి మనుషులున్నారు. ఎదుటి పక్షానికి, ఆ శీర్షికలో, ఊరు మాత్రమే ఉంది.

ఇది చదివిన రాత్రే నాకు చింపేసిన కాగితం గుర్తొచ్చింది.

23వ ఎత్తు గుర్తుంది, దాని ముందువి వరసగా గుర్తులేవు. ఎన్నిసార్లు బోర్డు మీద పేర్చినా ఒక బంటు తేడాగా వస్తోంది. నిర్వాహకులకి ఫోన్ చేస్తే, పై బోర్డుల ఆటలు కంప్యూటర్లోకి ఎక్కించామని, మిగతా కాగితాలు హాలు ఖాళీ చేసేటప్పుడు తీసేశామని చెప్పారు. తప్పు వాళ్ళది అననుగానీ, నా ప్రతి నేను చింపుకున్నదాన్నే. మూడో వారానికి ఒక స్నేహితురాలి ద్వారా మేష్టారి నంబరు దొరికింది. ఆయన టోర్నమెంటు ఆటలన్నీ లాంగ్‌బుక్‌లో తిరగరాసుకుంటారట. వాట్సాప్‌లో ఫోటో పంపారు.

నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, ఎడమపక్క ఎర్రగీత. పైన తేదీ, రౌండు. తెలుపు అన్నచోట ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. నలుపు అన్నచోట ‘ఎవరో అమ్మాయి’.

సరే, అది పర్వాలేదు. కిందకి వచ్చి 23వ ఎత్తు చూశాను. ‘శ జి4’ అని ఉంది.

నా శకటు జి4కి వెళ్ళలేదు. హెచ్3కి వెళ్ళి బంటుని కొట్టింది. జి4 అయితే అది బలి కాదు, మామూలు ఎత్తు కూడా కాదు, బంటుకి ఊరికే ఒప్పజెప్పిన శకటు. ఫోన్ చేశాను.

“మేష్టారూ, 23లో నేను హెచ్3 ఆడానండీ.”

“నేను జి4 అని రాసుకున్నానే?”

“రాసుకున్నారు. కానీ హెచ్3యేనండీ.”

“ఆ పూట రాసిన కాగితం చూసే ఎక్కించానమ్మా. నీ దగ్గరున్నది ఏం చెబుతోంది?”

నా దగ్గర ఏమీ లేదని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. అవతల చిన్న నవ్వు. “అయితే మరి నా కాగితమే కదా సాక్ష్యం!”

ఫోటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. ఆయన కొట్టినప్పుడు వేరే గుర్తేమీ పెట్టరు, గడి పేరు మాత్రం రాస్తారు. నా 23 పక్కనే ఆయన 24వ ఎత్తు ఉంది: ‘రా హెచ్3’.

“మేష్టారూ, తర్వాతి ఎత్తు చదవండి.”

“రాజు హెచ్3.”

“నేను జి4 ఆడి ఉంటే హెచ్3లో మీ బంటే ఉంటుంది కదండీ. రాజు అక్కడికెలా వస్తాడు?”

కాసేపు ఏమీ వినబడలేదు. “ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటా,” అన్నారు. ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు. తర్వాత పెట్టె తెరిచిన చప్పుడు, చెక్కపావులు ఒక్కొక్కటే గడుల్లో పడుతున్న చప్పుడు. తనలో తనే ఎత్తులు చదువుకుంటున్నారు, శ జి2, గు ఇ2, శ బి2, మొదటినుంచీ, ఎక్కడా తొందర లేకుండా. పదినిమిషాలు పట్టింది. నేను ఫోను పెట్టెయ్యలేదు.

“కుదరదమ్మా,” అన్నారు చివరికి. “హెచ్3యే. మంచి ఎత్తు కూడాను.” పెన్ను కోసం వెదుక్కుంటున్నట్టున్నారు. “నీ పేరు పూర్తిగా చెప్పు. ఒత్తులేమైనా ఉన్నాయా?”